అత్తగారి పేరు మీద

పదకొండేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటూ పెద్దిరాజు, అతని అత్తగారు వెంకాయమ్మ ఒకరితో ఒకరు ఒక్క మాటా నేరుగా మాట్లాడుకోలేదు. కోపతాపాలేమీ లేవు. వాళ్ల వైపు పద్ధతి అది. అత్త అల్లుడికి ఎదురు పడకూడదు. పడవలసి వస్తే తలుపు చాటున నిలబడాలి. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఇంకో మనిషి ఉండాలి. నాలుగు గదుల లోగిళ్లలో ఇది పెద్ద కష్టం కాదు. రాజమండ్రి సీతంపేటలో, ఒక గదీ ఒక వసారా ఉన్న పెంకుటింటి వాటాలో కూడా అది అన్నేళ్లు నిలిచిందంటే, ఆ మధ్యలో ఉన్న మనిషి వీరమణి కావడం వల్లనే.

వీరమణి మాటలు చేరవేసేది గానీ ఉన్నవి ఉన్నట్టు చేరవేసేది కాదు. తల్లి "బజార్లో చింతచిగురు వచ్చిందట" అంటే, వసారాలోకి వచ్చి "చింతచిగురు తేకపోతే నిన్ను అల్లుడి కింద లెక్కపెట్టనంటోంది మా అమ్మ" అనేది మొగుడితో. అతను "ఆదివారం తెస్తాలే" అంటే, లోపలికి వెళ్లి "నువ్వు అడగడమే ఆలస్యమట, చెట్టే పెరుక్కొస్తాడట" అని చెప్పేది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని అత్తగారు నవ్విన చప్పుడు వసారాలోకి వినిపించేది. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ఏర్పడిన అభిమానంలో సగం వీరమణి కల్పించిన మాటల వల్ల ఏర్పడిందే. ఆ సంగతి ఆమె పోయాక గాని ఇద్దరికీ తెలియలేదు.

భాద్రపదంలో పోయింది. కడుపులో గడ్డ అన్నారు, ఆపరేషన్ అన్నారు, ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంచారు. పిల్లలు లేరు. పదమూడో రోజు వెళ్లాక ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరికీ మధ్య మాట లేదు, మాట మోసే మనిషీ లేదు.

పక్క వాటాలో ఉండే రూతు ఆ పని నెత్తిన వేసుకుంది. నర్సింగ్ హోములో ఆయా. డ్యూటీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి గుమ్మంలో నిలబడేది. లోపలినుంచి వెంకాయమ్మ "అన్నం వడ్డించాను, చల్లారిపోతోంది, చెప్పమ్మా" అనేది. మూడడుగుల దూరంలో వసారాలో కూర్చున్న పెద్దిరాజుకి ఆ మాట స్పష్టంగానే వినిపించేది. అయినా రూతు చెప్పేదాకా కదిలేవాడు కాదు.

"అన్నయ్యా, అన్నం వడ్డించారట. చల్లారిపోతోందట" అనేది రూతు. ఒకరోజు, "మధ్యలో నాకేమైనా కమీషను ఉందా, లేక ఉత్తి పుణ్యమేనా?" అని కూడా అడిగింది. ఎవరూ నవ్వలేదు గాని, ఆ రోజు వెంకాయమ్మ ఆమెకి గిన్నెడు పులుసు ఇచ్చింది.

రూతు మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. వాటిలో కల్పన ఉండేది కాదు. అదే పెద్దిరాజుకి కష్టంగా ఉండేది.

ఆ మాట రూతుతో అనలేదు. పొద్దున్నే బైండింగ్ షాపుకి వెళ్లేవాడు, ఆఫీసు రిజిస్టర్లు కుట్టేవాడు, అట్టలకి మైదా జిగురు రాసేవాడు, సాయంత్రం వచ్చేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. కార్తీకం రాగానే ఇంటివారు వేంకటేశ్వర్లుగారు పిలిచి కూర్చోబెట్టి, స్థలం అపార్టుమెంటుకి ఇచ్చేశామని, డిసెంబరు ఆఖరుకి వాటాలన్నీ ఖాళీ చెయ్యాలని చెప్పారు. మంచి మనిషి. కాఫీ ఇచ్చి మరీ చెప్పారు.

వేరే వాటా కోసం పెద్దిరాజు రెండు ఆదివారాలు తిరిగాడు. అడిగినచోటల్లా మొదటి ప్రశ్న ఒకటే, ఇంట్లో ఎంతమంది అని. భార్య లేదంటే ముఖం చూసేవాళ్లు. అత్తగారు ఉన్నారంటే ఇంకోసారి చూసేవాళ్లు.

అప్పుడు గుర్తొచ్చింది వీరమణి పెట్టిన దరఖాస్తు. బీదవాళ్లకి కట్టిస్తున్న ఇళ్ల కోసం రెండేళ్ల కిందట ఆమే వెళ్లి, క్యూలో నిలబడి, మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఆ రసీదు బియ్యం డబ్బా కింద ఉండేది. ఇళ్లు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తారు. "ఇక నుంచీ నువ్వు నా ఇంట్లో అద్దెకుంటావన్నమాట" అని ఆ రోజు మొగుణ్ణి ఏడిపించింది.

పెద్దిరాజు రసీదు పట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. గుమస్తా మణిశంకర్ ఫైలు వెతికి తీశాడు. దరఖాస్తు పెట్టిన మనిషి లేకపోతే దరఖాస్తూ ఉండదని మెల్లగా చెప్పాడు. ఇంట్లో ఇంకో ఆడమనిషి ఎవరైనా ఉంటే మరణ ధ్రువపత్రం జతచేసి ఆవిడ పేరుకి మార్చవచ్చు, ఆ పైన ఇంటికి వచ్చి విచారిస్తారు అన్నాడు.

"మా అత్తగారున్నారండి."

మణిశంకర్ రాస్తున్నవాడు ఆగాడు. "అత్తగారా. ఇకమీదట కూడా ఆవిడ మీతోనే ఉంటారా?"

"ఉంటారండి" అన్నాడు పెద్దిరాజు. అన్నాక, ఆ సంగతి ఆవిణ్ణి ఎవరూ అడగలేదని గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం రూతు గుమ్మంలో నిలబడింది. పెద్దిరాజు విషయం చెప్పాడు. రూతు లోపలికి తిరిగి చెప్పింది. తరవాత వెంకాయమ్మ మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. రూతు వాటిని మళ్లీ పలికింది. కార్తీకం దాటగానే ముక్తేశ్వరం అవతల తన మేనల్లుడు పెదబాబు దగ్గరికి వెళ్లిపోదామనుకుంటోంది. కూతురు లేని ఇంట్లో అల్లుడి అన్నం ఎన్నాళ్లు తింటుంది? అతనికి వయసు ఉంది. రేపు ఇంకొక ఆమె వస్తే, ఆమెకి తను అడ్డం. పేరు కావాలంటే మాత్రం రాయించుకోమంది. పేరుకేముంది అంది.

రూతు చెప్పడం ముగించి పెద్దిరాజు వైపు చూసింది. "ఉండమని చెప్పమంటారా అన్నయ్యా?"

ఉండమనే మాట ఇంకొకరి నోట పంపేది కాదు. వీరమణి అయితే అతను పంపకుండానే తీసుకెళ్లి ఇచ్చేది, తనవి నాలుగు కలిపి. "సరే అన్నానని చెప్పు" అన్నాడు చివరికి.

"సరే అన్నారు పెద్దమ్మా" అంది రూతు. ఆ మాట లోపలికి ఎలా చేరిందో పెద్దిరాజుకి తెలుసు. వెళ్లమన్నట్టు చేరింది.

విచారణకి వచ్చినామె పేరు ఉమాశ్రీ. మునిసిపల్ స్కూల్లో టీచరు. ఇళ్ల సర్వే డ్యూటీ వేశారట. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చంకలో పొడుగాటి రిజిస్టరు, దాని కుట్టు చూడగానే పెద్దిరాజు తమ షాపుదే అని పోల్చుకున్నాడు. పొద్దున్నుంచి ఇరవై ఇళ్లు తిరిగానని చెప్పింది. వెనక వీధిలో ఒకే ముసలావిడ చీరలు మార్చుకుంటూ మూడిళ్లలో ముగ్గురికి తల్లిగా కనిపించిందట. మూడో ఇంట్లో ఆవిడకి నమస్కారం పెట్టి, "మామ్మగారూ, నాకే కాళ్లు పీకుతున్నాయి, మీకెలా ఉంది?" అని అడిగి వచ్చిందట. ఈ సంగతి నవ్వకుండా చెప్పింది.

"వెంకాయమ్మగారు ఎవరు?"

"మా అత్తగారండి. లోపలున్నారు."

"పిలవండి."

పెద్దిరాజు పక్క వాటా వైపు చూశాడు. రూతుకి పగటి డ్యూటీ. అతను దగ్గాడు. తలుపు వెనక అడుగుల చప్పుడై, నేత చీర అంచు కనిపించి ఆగింది.

"ఆవిడ వయసెంతో అడగండి" అంది ఉమాశ్రీ.

"మీరే అడగండి మేడం."

"మీ అత్తగారే కదా?"

"అవునండి."

"మాట్లాడుకోరా?"

"లేదండి."

"గొడవలా?"

"అబ్బే, లేవండి."

"మరి ఎప్పట్నుంచి మాటల్లేవు?"

"మొదట్నుంచీనండి."

ఉమాశ్రీ కలానికి మూత పెట్టింది. కోప్పడలేదు. అలిసిపోయిన మనిషిలా అరుగు అంచు మీద కూర్చుంది. ఈ పద్ధతి మా నాయనమ్మ చెప్పగా విన్నానంది. కానీ ఊళ్లో ప్రతివాళ్లూ ఆడమనిషి పేరు కోసం ఎవరో ఒకర్ని తెచ్చి నిలబెడుతుంటే, ఒక్క గది ఇంట్లో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దర్ని ఒకే కుటుంబమని ఏ ధైర్యంతో రాసుకోవాలి అని అడిగింది. మర్యాద కోసం చేసిన పని బయటివాళ్ల కంటికి మోసంలా కనిపిస్తుందని పెద్దిరాజుకి అంతవరకూ తోచలేదు.

చివరికి ఆమే ఒక ఉపాయం చెప్పింది. ఇద్దర్నీ విడివిడిగా అడుగుతాను, ఒకరి గురించి ఒకర్ని. కలిసి బతికేవాళ్లయితే తెలిసిపోతుంది.

ముందు పెద్దిరాజు వంతు. వెంకాయమ్మని దొడ్లోకి వెళ్లమంది. ఆవిడ ఏ మందులు వాడతారని అడిగింది. బి.పి. బిళ్లలు, పొద్దున ఒకటి, అతను తెచ్చి కిటికీలో పెడతాడు. ఎన్నింటికి లేస్తారు? నాలుగున్నరకి. లేచి ముందు మొహం కడుక్కోరు, దొడ్లో తులసి దగ్గర కాసేపు ఊరికే నిలబడతారు. ఏదైనా నొప్పీ, బాధా? ఎడమ కాలు. వాన రాబోయే ముందు రోజు ఎక్కువవుతుంది. ఆ రోజు ఆవిడ లేవకముందే బిందెలు తనే నింపి పెట్టేస్తాడు.

"నొప్పి అని ఆవిడ చెబుతారా?"

"చెప్పరండి. నడకలో తెలుస్తుంది."

ఆ పైన అతన్ని వసారా చివర పంపు దగ్గర నిలబడమని, తను గదిలోకి వెళ్లి వెంకాయమ్మని పిలిచింది. పెంకుటింటి గోడ దూలం దాకా ఉండదు. లోపలి మాట ప్రతిదీ పైనించి బయటికి వస్తుంది. పెద్దిరాజు పంపు విప్పాడు, వినకుండా ఉందామని. నీళ్లు రాలేదు.

"ఎనిమిదింటికి వెళ్తారమ్మా. బడులు తెరిచే రోజుల్లో అయితే ఏడింటికే. పప్పులో పులుపు ఎక్కువైతే తినరు. ఎక్కువైందని అనరు. కంచం తీసేటప్పుడు చూసుకోవాలి మనమే. పండగకి కొన్న చొక్కా ఇంకా మడత విప్పలేదు."

"తాగుతారా?"

"ఒక్కసారి తాగారు. మా అమ్మాయి పదమూడో రోజు. వచ్చి వసారాలో పడిపోయారు. నేను దుప్పటి కప్పి వచ్చాను. వారికి తెలియదు. తెలిస్తే సిగ్గుపడతారని రూతుతో కూడా అనలేదు."

పెద్దిరాజు పంపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. ఆ దుప్పటి రూతు కప్పిందనుకుని, ఆమెకి దణ్ణం పెట్టుకుని రెండు నెలలైంది.

ఉమాశ్రీ బయటికి వచ్చి కలం మూత తీసింది. అత్తగారూ అల్లుడూ ఒకే ఇంటివాళ్లని రాసుకున్నానంది. కానీ ఒక చిక్కుంది. వెంకాయమ్మ పేరు వీళ్ల రేషన్ కార్డులో లేదు. పెదబాబు కార్డులోనే ఉండిపోయింది. ఆ పేరు అక్కడి మండలాఫీసులో తీయించి కాగితం తేవాలి. శుక్రవారం లోపు తెస్తే ఈ జాబితాలో పెడతాను, తరవాతి జాబితా ఎప్పుడో నాకు తెలియదు అంది. మెట్టు దిగబోతూ ఆగి, గొంతు తగ్గించింది.

"ఆ పేరు తీస్తే అక్కడ ఇక ఆవిడకంటూ ఏమీ ఉండదు. ఇష్టమేనా అని మీరు అడగాలండి. నేను అడిగేది కాదు."

ఆ సాయంత్రం అతను రూతుతో రెండు ముక్కలే చెప్పించాడు. రేపు కోటిపల్లి బస్సుకి వెళ్తున్నాను. ఆవిడ కూడా వస్తే పని అవుతుంది. తెల్లవారేసరికి వెంకాయమ్మ వీధి గుమ్మంలో సంచీ పట్టుకుని సిద్ధంగా ఉంది. సంచీలో రెండు చీరలున్నాయి. పని చూసుకుని తిరిగొచ్చే మనిషికి రెండు చీరలు ఎందుకో అతనికి అర్థం కాలేదు. అడగలేదు.

బస్సులో ఆవిడ ముందు ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది. అతను వెనక నిలబడ్డాడు. టిక్కెట్లు రెండూ అతనే తీశాడు. ద్రాక్షారామం దాటాక సీటు దొరికినా కూర్చోలేదు, ఆవిడ తల కనిపించదని. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటారు, పంటు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు.

పెదబాబు కొబ్బరి దింపు పని చేస్తాడు. అప్పుడే చెట్టు దిగి, నడుముకి కట్టుకున్న తాడు విప్పుకుంటున్నాడు. వెంకాయమ్మ అన్నగారి కొడుకు. మేనత్తని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పెద్దిరాజుకి మంచం వాల్చాడు, బొండాలు కొట్టి ఇచ్చాడు. సంగతంతా విన్నాక మాత్రం గడ్డం రుద్దుకుంటూ కూర్చున్నాడు. వెంకాయమ్మ లోపల, వంటింటి తలుపు వెనకాల ఉంది.

"నాలుగు కేజీల బియ్యం పోతాయని కాదు అన్నయ్యా" అన్నాడు. "పోతే పోనీ. అత్త సంగతి చూడు. వదిన ఉన్నన్నాళ్లూ అది అత్తకి కూతురిల్లు. ఇప్పుడు ఏమని ఉంటుంది? నువ్వు రేపు ఇంకో పెళ్లి చేసుకుంటావు. తప్పని నేననను. ఆ వచ్చినామె ఈవిణ్ణి ఎందుకు చూస్తుంది? అప్పుడు సంచీ పట్టుకుని ఇక్కడికి వస్తే, కార్డులో పేరు కూడా లేదే అని నా పెళ్లామే అనొచ్చు. నేను చెట్టు మీద ఉంటాను, వినను."

పెద్దిరాజు తలవంచుకుని వింటున్నాడు. పెదబాబు మాటలో తప్పు పట్టేదేమీ కనిపించలేదు.

"ఒకటి అడుగుతాను. ఏమనుకోకు" అన్నాడు పెదబాబు. "రేపు అత్త పోతే తలకొరివి ఎవరు పెడతారు? కొడుకులు లేరు. ఇక్కడుంటే నేనున్నాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తలుపు వెనక ఎవరు నిలబడి వింటున్నారో పెద్దిరాజుకి తెలుసు. తను చెప్పబోయేది పెదబాబుకి చెప్పినట్టే ఉంటుందనీ, చేరవలసిన చోటికి చేరుతుందనీ కూడా తెలుసు. ఇన్నాళ్లూ అతనికి దొరకని దారి అది.

"నేను పెడతాను తమ్ముడూ" అన్నాడు. "పెళ్లి సంగతి నాకు తెలియదు. చేసుకుంటానని గాని, చేసుకోనని గాని ఇప్పుడు ఈ నోటితో చెప్పలేను. ఇది మాత్రం చెప్పగలను. ఆవిడకి జరగవలసినవి అన్నీ నేను జరిపిస్తాను. వీరమణికి జరిపించాను కదా, ఏమేం కావాలో నాకు తెలుసు. ఆవిడ వెళ్లిపోతే మాత్రం ఆ ఇంట్లో వీరమణిని ఎరిగినవాళ్లు నేను తప్ప ఇంకెవరూ ఉండరు. ఉండమని అడగడానికే వచ్చాను. కాగితం కోసం అని చెప్పించాను గాని, దానికోసం కాదు."

అంత పొడుగు మాట అతను జీవితంలో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. చెవులు ఎర్రబడ్డాయి. పెదబాబు బొండాం చిప్ప తీసి పక్కన పెట్టాడు.

తలుపు వెనకనుంచి వెంకాయమ్మ గొంతు వినిపించింది. "పెదబాబూ, పన్నెండు కావస్తోంది. భోజనాల వేళయితే మండలాఫీసులో ఎవరూ ఉండరు. చొక్కా తొడుక్కో."

పని మూడు గంటలకి అయింది. కార్డులో గుమస్తా ఆ పేరు మీద స్కేలు పెట్టి గీత గీస్తుంటే పెద్దిరాజు పక్కకి చూశాడు. వెంకాయమ్మ మాత్రం గీత చివరిదాకా చూసింది. తిరిగి రేవుకి నడిచేటప్పుడు సంచీలో ఒక చీరే ఉంది. రెండోది పెదబాబు భార్యకి పెట్టింది. అది వీరమణి కట్టని చీర, మొన్న దసరాకి ఆమె కోసం తల్లి ముందుగానే కొని దాచింది.

పంటు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్దిరాజు ఎప్పట్లాగే దూరంగా, ఎండలో నిలబడ్డాడు. వెంకాయమ్మ కొబ్బరికాయల గుట్ట పక్కన నీడలో కూర్చుని నీళ్లకేసి చూస్తోంది. కాసేపటికి, ఎవరినీ ఉద్దేశించకుండా, గోదావరికే చెబుతున్నట్టు అంది.

"ఇటువైపు నీడుంది. ఇంకో మనిషి నిలబడొచ్చు."

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఆవిడ వైపు చూశారు. పెద్దిరాజు నెమ్మదిగా జరిగి ఆ నీడలోకి వచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

శుక్రవారం మునిసిపల్ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని ఉమాశ్రీ కాగితాలు తీసుకుంటోంది. క్యూలో ముప్పై మందికి పైగా ఉన్నారు. వీళ్ల వంతు వచ్చేసరికి పదకొండున్నర. వెంకాయమ్మ బల్ల ముందు నిలబడింది. పెద్దిరాజు రెండడుగుల అవతల, ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు.

మండలాఫీసు కాగితం చూసి ఉమాశ్రీ సంతోషించింది. ఫారం తీసి గళ్లు నింపుకుంటూ పోయింది. ఒక గడి దగ్గర కలం ఆగింది. కుటుంబ సభ్యుడికి దరఖాస్తుదారుతో గల సంబంధం. పక్కనే అచ్చువేసి ఉన్నాయి: భర్త, కొడుకు, కూతురు, తండ్రి, తల్లి. ఆమె ఆలోచించి, మెల్లగా, మిగతావాళ్లకి వినపడకుండా చెప్పింది. అల్లుడనేది ఇందులో లేదు. విడిగా రాస్తే పైవాళ్లు ఆపి, అల్లుడున్నాడంటే కూతురేదీ అని అడుగుతారు, మళ్లీ తిప్పి పంపిస్తారు. కొడుకని రాసేస్తే ఏ గొడవా ఉండదు. తను చూసింది కాబట్టి అది అబద్ధమనిపించడం లేదు.

"కొడుకని రాసెయ్యనా అండీ?"

ఇల్లు ఆ ఒక్క మాటలో ఉంది. ఆవిడ అవునంటే బాగుండునని పెద్దిరాజుకి అనిపించింది. ఎందుకో అనకుంటే బాగుండుననీ అనిపించింది.

"వద్దమ్మా" అంది వెంకాయమ్మ. "అల్లుడనే రాయండి. కొడుకని రాస్తే మధ్యలో మా అమ్మాయి లేకుండా పోతుంది."

"ఆపుతారేమోనండీ. కూతురేదని అడుగుతారు."

"అడగనివ్వండి. అడిగితే చెబుతాను. ఈ మధ్య ఎవరూ అడగడం లేదు."

ఉమాశ్రీ అచ్చువేసిన మాటలన్నిటి కింద ఉన్న ఖాళీలో 'అల్లుడు' అని రాసింది. వేలిముద్ర వేయించుకుంది. ఒకవేళ తిప్పి పంపితే తనే పైకి వెళ్లి చెబుతానంది. అప్పుడు ఏం చెప్పాలో వెనకవైపు రాసి పెట్టుకోవాలి కాబట్టి, కుర్చీ ఒకటి ముందుకి లాగి వెంకాయమ్మని కూర్చోమంది.

"మీ అమ్మాయి పేరేంటండీ?"

"వీరమణి."

అక్కడితో ఆగి ఉండవచ్చు. ఫారానికి అంతే చాలు. కానీ వెంకాయమ్మ ఆగలేదు. ఎడమ చేతి వాటమని చెప్పింది. చిన్నప్పుడు పంటు అంటే భయపడేదని చెప్పింది. ఎవరి మాటైనా సరే ఇంకో చోటికి మోసుకెళ్లేలోగా దానికి నగలు పెట్టేదని చెప్పింది. క్యూలో వెనకనుంచి ఎవరో "ఇంకా ఎంతసేపండీ" అన్నారు. ఉమాశ్రీ తల ఎత్తకుండానే, ఉండమన్నట్టు చెయ్యి చూపించింది.

"పెళ్లి చేసిన ఏడాదే పెద్ద తుఫాను వచ్చిందమ్మా, దానికి ముందే చేశాం."

"తుఫాను వెళ్లాకండి" అన్నాడు పెద్దిరాజు ద్వారబంధం దగ్గరనుంచి, ఉమాశ్రీతో. "పందిరికి కొబ్బరాకులు కొనక్కర్లేకపోయింది. రోడ్ల మీదే పడున్నాయి."

వెంకాయమ్మ కాసేపు గుర్తు చేసుకుంది. తల అతని వైపు తిప్పలేదు.

"అవునమ్మా. వారు చెప్పిందే నిజం" అంది. "ఆకులన్నీ వారే ఏరుకొచ్చారు. పెళ్లికొడుకై ఉండి."

ఉమాశ్రీ రాసుకుంటోంది. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది.